ఊడ్చిన ఇల్లు ఖాళీగా ఉండరాదు
పాఠ్యభాగము: లూకా 11:24-26, సామెతలు 23:29-35, గలతీ 6:1-2

ఉజ్జీవ కూటములలో త్రాగుడు మానెదనని చేయెత్తిన సహోదరులు మన ప్రతి సంఘములోను ఉన్నారు. ఆరు నెలల తరువాత వారు ఎట్లున్నారని అడిగినయెడల అనేక పర్యాయములు మనయొద్ద జవాబుండదు. మానుటకు కూటములు పెట్టుచున్నాము గాని మానియుండుటకు ఏర్పాటేమియు చేయుట లేదు.

ప్రభువు చెప్పిన ఆ యిల్లు శుభ్రముగానే ఉన్నది. దానిలో ఎవరును లేకపోవుటయే దాని లోపము. త్రాగుడుకు బానిసయైన ప్రతివానికి దయ్యము పట్టినదని మేము చెప్పుట లేదు. ఇది వైద్యము అవసరమైన వ్యాధి కూడ. అయినను ఖాళీ యింటికి కలుగు అపాయము అతనికిని కలదు.

మొదట శరీరము సంగతి. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినప్పుడు రెండు మూడు దినములలో వణుకు, ఫిట్సు, మతి తప్పుట కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. కనుక తీర్మానము చేసిన రాత్రియే పెద్దలు అతనిని ఆసుపత్రికి తీసికొని వెళ్లవలెను. డాక్టరు మందులు వాడుట అవిశ్వాసము కాదు. అయితే అతనికి తెలియకుండ అన్నములో మందు కలుపుట ఎన్నడును చేయకూడదు. డైసల్ఫిరామ్ వంటి మందు పొట్టలో ఉండగా త్రాగినవాడు చనిపోవచ్చును.

తరువాత సాయంకాలము సంగతి. పని విడిచినది మొదలు నిద్రపోవు వరకు ఇన్నాళ్లు మద్యపు దుకాణమో, బారో ఆ గంటలను నింపినది. ఇప్పుడు ఏది నింపును? "ప్రార్థించుకో" అని చెప్పి ఇంటికి పంపిన చాలదు. ఒక సహోదరుడు పని స్థలము నుండి అతనితో కూడ నడిచి రావలెను, దుకాణము లేని వీధిగుండా. జీతము దినమున ఇది మరి ముఖ్యము. అతడే సమ్మతించినయెడల జీతము భార్య చేతికి చేరు ఏర్పాటు చేసికొనుట మంచిది. ఏలీయా చావగోరినప్పుడు దేవుడు మొదట అతనికి నిద్రను, రొట్టెను ఇచ్చెను, తరువాతనే మాటలాడెను (1 రాజులు 19). ఆకలి, అలసట, కోపము, ఒంటరితనము — ఇవి త్రాగుడును మరల పిలుచును.

స్వగ్రామ ప్రయాణము మనవంటి వలస కుటుంబములకు ప్రత్యేకమైన శోధన. ఒంగోలు వైపో నెల్లూరు వైపో పెండ్లికి వెళ్లినప్పుడు పాత స్నేహితులు "చాలాకాలమునకు వచ్చితివి" అని గ్లాసు అందింతురు. ఎవరి యింట బస, భోజనము కాగానే ఎవరితో బయలుదేరుట, తిరుగు టిక్కెట్టు ఏ దినమునకు — ఇవన్నియు బయలుదేరక ముందే నిర్ణయించుకొనవలెను. ఇక్కడి ఆసుపత్రిలో ఆలోచన చెప్పువారు కన్నడములోనో తమిళములోనో మాటలాడుదురు. మనకు ఆ భాష వచ్చును గాని, కొందరు లోపలి బాధను తెలుగులోనే చెప్పగలరు. అట్టివారికి ఒక పెద్ద తోడు వెళ్లుట మంచిది.

ప్రభురాత్రి భోజనములో పులిసిన ద్రాక్షారసము ఇచ్చు సంఘము ఏదైన ఉన్నయెడల పులియని రసమునకు మారవలెను. ఒక్కనికొరకైనను మారవలెను.

ఇంకొక మాట నిర్మొహమాటముగా చెప్పుచున్నాము. మానిన రెండవ ఆదివారమే అతనిని వేదికమీద నిలిపి సాక్ష్యము చెప్పించుట, మూడవ నెలలో యౌవనుల సమాజమునకు కార్యదర్శిగా చేయుట మనకు అలవాటైపోయినది. చప్పట్లు మనకు, భారము అతనికి. అంత యెత్తున నిలిచినవాడు జారినప్పుడు సిగ్గుచేత గుడికే రాడు. క్రొత్తగా చేరినవానికి అధ్యక్షపదవి ఇయ్యవద్దని పౌలు తిమోతికి ఊరకనే వ్రాయలేదు. ఒక సంవత్సరమైనను ఆగుదము. ఈలోగా కుర్చీలు వేయుట, గుడి ఊడ్చుట వంటి పనులు అతనికి సంతోషముగా అప్పగింపవచ్చును.

జారుట జరుగవచ్చును. లేచిన వెంటనే మరల దానినే వెదకువాని సంగతి సామెతల గ్రంథకర్తకు తెలియును. గలతీ పత్రిక అట్టివానిని సాత్వికమైన మనస్సుతో దారికి తెమ్మనుచున్నది, వెలివేయుమనలేదు. కావున అతడు నిమ్మళముగా ఉన్న దినమందే ఒక కాగితము వ్రాయించుడి: జారినయెడల మొదట ఎవరికి ఫోను చేయవలెను, ఏ డాక్టరునొద్దకు వెళ్లవలెను, ఆ రాత్రి పిల్లలు ఎవరి యింట పడుకొందురు. ప్రభుత్వమువారి ఉచిత సహాయ నంబరు 14446 కూడ దానిలో వ్రాయుడి. ఒక ప్రతి అతని జేబులోను, ఒకటి భార్యయొద్దను, ఒకటి కాపరియొద్దను ఉండవలెను.