కోత లేని వైద్యం

కడుపుతో వున్నప్పుడు స్కానింగ్ చేయించుకున్నారా? పొట్ట మీద చల్లటి జెల్లీ రాస్తారు. ఒక చిన్న పరికరాన్ని దాని మీద జరుపుతారు. పక్కనే టీవీ లాంటి తెర మీద లోపలి బిడ్డ కనిపిస్తుంది. కోత లేదు. నొప్పి లేదు.

బిడ్డను చూపించేది ఏమిటి? ధ్వని! అంటే శబ్దం. కాని ఆ ధ్వని మన చెవికి వినపడదు. దాన్ని అతిధ్వని అంటారు. కొండ ముందు నిలబడి కేక వేస్తే ఆ కేక మనకే తిరిగి వినపడుతుంది కదా! అలాగే అతిధ్వని ఒంట్లోకి వెళ్లి, లోపలి భాగాలకు తగిలి, వెనక్కి వస్తుంది. యంత్రం దాన్ని బొమ్మగా మారుస్తుంది.

లోపలి బిడ్డను చూపించే అతిధ్వనితోనే ఇప్పుడు క్యాన్సర్ గడ్డలను కూడా నాశనం చేస్తున్నారు.

ఒక్కచోట చేర్చితే బలం

ఎండలో నిలబడితే ఒళ్లు వెచ్చబడుతుంది. అదే ఎండను భూతద్దంతో ఒక్క చుక్క మీదికి చేర్చితే కాగితం అంటుకుంటుంది. ధ్వని కూడా అంతే. స్కానింగులో ధ్వని బలం తక్కువ. వైద్యంలో బలమైన ధ్వనిని పంపుతారు. అదంతా గడ్డలో ఒక్కచోట కలిసేటట్టు గురి పెడతారు. కలిసిన చోటే దాని బలం పనిచేస్తుంది. చర్మం కొయ్యక్కర్లేదు.

ఈ వైద్యం రెండు రకాలు.

మొదటిది వేడి. ధ్వని కలిసిన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి గడ్డ మాడిపోతుంది. మగవారికి వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్‌కు దీన్ని వాడుతున్నారు.

రెండోది బుడగలు. దీని పేరు హిస్టోట్రిప్సీ. ఇందులో ధ్వనిని ఆపి ఆపి, దెబ్బ మీద దెబ్బ కొట్టినట్టు పంపుతారు. ఒక్కో దెబ్బ రెప్పపాటు కన్నా ఎంతో చిన్నది. ఆ దెబ్బలకు గడ్డలో సన్నటి బుడగలు పుడతాయి. పుట్టీ పుట్టగానే ఉబ్బి పగిలిపోతాయి. ఆ విసురుకు గడ్డ చితికిపోతుంది. చితికిన ముద్దను మన శరీరమే మెల్లమెల్లగా శుభ్రం చేసుకుంటుంది.

చప్పుడు తెచ్చిన మేలు

ఈ రెండో పద్ధతి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని కోసం పనిచేసినవారిలో జెన్ షూ అనే స్త్రీ ఒకరు. 2000 తర్వాత తొలి ఏళ్లలో ఆమె అక్కడ చదువుకుంటోంది. పంది గుండె ముక్క తీసుకుని, ధ్వనితో దానికి రంధ్రం చెయ్యాలని చూసేది. యంత్రం చప్పుడుకు తోటివారు విసుక్కున్నారు. చప్పుడు చెవికి వినపడకుండా చెయ్యాలని ఆమె దెబ్బల వేగం పెంచింది. ఆశ్చర్యం! పని ఇంకా బాగా జరిగింది. ముక్కకు రంధ్రం పడింది.

తర్వాత ఏళ్ల తరబడి పరీక్షలు జరిగాయి. అమెరికా, యూరప్‌లలో కాలేయంలో గడ్డలున్న 44 మందికి ఈ వైద్యం చేసి చూశారు. లెక్క చూసిన 44 గడ్డలలో 42 గడ్డలకు అనుకున్నట్టు పని జరిగింది. ముగ్గురికి మాత్రం పెద్ద ఇబ్బందులు వచ్చాయి. 2023 అక్టోబరులో కాలేయం గడ్డలకు దీన్ని వాడవచ్చని అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

అన్నిటికీ పనికిరాదు

మత్తు ఇచ్చి ఈ వైద్యం చేస్తారు. ధ్వని సాఫీగా వెళ్లడానికి ఒంటికీ యంత్రానికీ మధ్య నీళ్లు వుంచుతారు. ఎముక, గాలి ధ్వనికి అడ్డం వస్తాయి. అందుకే ఒంట్లో అన్ని చోట్లకూ గురి కుదరదు. రక్త క్యాన్సర్‌లో కొట్టడానికి ఒకచోట గడ్డ వుండదు. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌ను ఒక్కచోట కొడితే పోదు. ఈ వైద్యం ఇంకా ఊరూరి ఆసుపత్రికి రాలేదు కూడా. "కోత లేకుండా ఏ క్యాన్సరైనా పోగొడతాం" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. పెద్ద ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరును అడగండి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఎంత గొప్ప యంత్రమైనా కనపడిన గడ్డనే కొట్టగలదు. కాబట్టి ముందు గడ్డను కనిపెట్టాలి. రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి దాచకండి. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే "అదే తగ్గుతుందిలే" అనుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. బిడ్డ పుట్టిన 24 గంటల లోపల హెపటైటిస్ బి టీకా వేయించండి. ఆ జబ్బు ముదిరితే కాలేయ క్యాన్సర్ రావచ్చు. సారా తాగినా కాలేయం చెడుతుంది.

చెప్పుకుందాం

1. స్కానింగులో బిడ్డను చూపించేది ఏమిటి?
2. బుడగలు గడ్డను ఎలా చితకగొడతాయి?
3. ధ్వనికి అడ్డం వచ్చేవి ఏవి?
4. మీ ఊళ్లో ఎవరైనా గడ్డను దాచుకుంటే మీరు ఏమని చెబుతారు?