ధ్యాస నిలుస్తలేదా, చెల్లే?

చెల్లే, ఈ నడుమ మన హుజూరాబాద్ దిక్కు ఎవర్ని కదిలించినా ఇదే ముచ్చట. "దిమాక్ పనిచేస్తలేదక్కా, తల నిండా దూది కూరినట్టున్నది." చాయ్‌పత్త కోసమని పోయి ఫ్రిజ్ తెరిచి నిలబడుతున్నరట. చిన్నోన్ని పిలువబోయి ఇంట్ల ఉన్నోళ్లందరి పేర్లు పిలిచినంక వాని పేరు నోటికొస్తదట. సంఘం మీటింగ్‌ల తీర్మానం చదువుతుంటే మనసు ఎటో పోయి, సంతకం పెట్టే కాడ మల్ల తెలివికి వస్తున్నరట. చెప్పేటప్పుడు నవ్వుతరు గని, ఆ నవ్వు కింద భయం ఉంటది. నాకు మతి పోతున్నదా ఏంది అని.

శానా మందికి మతేం పోతలేదు. పని చెయ్యబుద్ధి కాక ఏసే వేషం అసలే కాదు. మన పొలాలే సాక్ష్యం. హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం చుట్టుపక్కల ఆడ, మగ వరి వేస్తరు గదా, హైబ్రిడ్ విత్తనం కోసం. పొద్దు పది దాటినంక పువ్వు విచ్చుకుంటది. మధ్యాహ్నం లోపటనే తాడు రెండు కొసలు పట్టుకొని మగ వరుసల మీదికెళ్లి లాగితే పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడుతది. వేళ తప్పితే ఆ రోజు పువ్వు పోయినట్టే. ఇగ బెరుకులు ఏరుడు ఇంకో ఎత్తు. పచ్చగా ఒక్క తీరుగ కనపడే మడిల వేరే రకం మొక్క ఏదో కంటితోటే పట్టాలె. కంకి జర పొడుగున్నదా, ఆకు రంగు తేడా ఉన్నదా, గింజకు ముల్లు ఉన్నదా అని. అవి వదిలేస్తే విత్తనం కల్తీ అయితది. ఆ పని చేసేటోళ్లు ఎక్కువ మంది ఆడోళ్లే. పొద్దందాక అంత నిగరాన్‌గ చూసిన మనిషే ఇంటికొచ్చి తాళంచెవి ఎక్కడ పెట్టిన్నో అని దేవులాడుతది. ధ్యాస లేని మనిషైతే బెరుకు ఎట్ల పట్టింది?

పొలంల ఒక్కటే పని, పక్కన నలుగురు మనుషులు. ఇంట్ల అయితే పొయ్యి మీదొకటి, ఫోన్ల ఒకటి, అత్తమ్మ పిలుపొకటి. గందుకే ఇంట్ల మరుపు ఎక్కువ. గని కొన్నాళ్లకు పొలంల సుత కండ్ల ముందున్న బెరుకు కనపడకుండైతే, అప్పుడు ఇంటి పనుల మీదికి నెట్టొద్దు. ఒంట్ల ఏదో తక్కువైందని అర్థం.

మొదలు రక్తం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నదని తేలింది. అంటే సంఘంల పది మంది కూసుంటే సగం కంటే ఎక్కువ మంది. మెట్లెక్కితే ఆయాసం, పొద్దుగాల లేస్తనే అలుపు, చదివింది చదివినట్టే జారిపోవుడు. ఇంకో గుర్తు చెప్త, సిగ్గుపడకు. బియ్యం ఏరుకుంట ఏరుకుంట బుక్కుతున్నవా? బలపాలు, మట్టి గడ్డలు తినబుద్ధైతున్నదా? మన దిక్కు దాన్ని చెడ్డ అలవాటని తిడుతరు గని, శానాసార్లు అది ఒంట్ల ఇనుము అడుగంటిందని చెప్పే లక్షణం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ఆడోళ్లకు రక్తహీనత అంటరు (గర్భంతోటి ఉంటే 11). ఒక్కోసారి హిమోగ్లోబిన్ సరిగ్గనే ఉంటది గని ఒంట్ల దాచిపెట్టుకున్న ఇనుము ఖాళీ అయి ఉంటది. ఫెరిటిన్ పరీక్షల అది తెలుస్తది. డాక్టర్‌ను అడుగు.

ఇనుము గోలీలు తెచ్చుకుంటం, చాయ్‌తోటి మింగుతం. ఇదొక్కటి బంద్ చెయ్యాలె. చాయ్‌ల ఉన్న వగరు ఇనుమును ఒంటికి పట్టనియ్యది. గోలీకి, చాయ్‌కి గంట, రెండు గంటలు ఎడం ఉండాలె. నిమ్మకాయ నీళ్లతోటి వేసుకుంటే ఇంకా మంచిది. థైరాయిడ్ గోలీది వేరే లెక్క. పొద్దుగాల పరిగడుపున, ఉత్త నీళ్లతోటి. అరగంట, కుదిరితే గంట ఆగినంకనే చాయ్. ఇనుము గోలీ గానీ, కాల్షియం గోలీ గానీ ఉంటే నాలుగు గంటల తర్వాత. మూడు ఒక్క గుక్కల మింగేసి "ఏండ్ల నుంచి వేసుకుంటున్న, ఏం గుణం లేద"ని అంటే ఆ గోలీ ఏం చేస్తది?

థైరాయిడ్ తక్కువైతే సుత తల మొద్దుబారుతది. ఒళ్లు లావైతది, చలి తట్టుకోలేం, మలబద్ధకం, జుట్టు రాలుడు. బి12 తక్కువైతే తిమ్మిర్లు, అరికాళ్లల్ల సూదులు గుచ్చినట్టు ఉండుడు, దాంతోటి మరుపు. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లనే దొరుకుతది. వారాలు, ఉపవాసాలు అనుకుంట నీసు మానేసి, పాలు పిల్లలకు పోసి, చారుతోటి తినేటోళ్లకు అది ఎక్కడికెళ్లి వస్తది? షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వేసుకునేటోళ్లకు, గ్యాస్ గోలీ రోజూ వేసుకునేటోళ్లకు సుత బి12 తగ్గొచ్చు. అట్లని షుగర్ గోలీ నువ్వే ఆపకు. పరీక్ష చేయించుకో, చాలు. సర్ది అయిందని మెడికల్ షాపుల తెచ్చుకొని రోజుల తరబడి వేసుకునే గోలీలు సుత మత్తు తెస్తయి. ఏమేం మింగుతున్నవో అన్నీ ఒక కవర్ల వేసుకొని పోయి డాక్టర్ ముంగట పెట్టు.

ఇప్పుడు ఎవ్వరూ నోరు తెరిచి చెప్పుకోని ముచ్చట. గర్భసంచి ఆపరేషన్. దేశంల ఈ ఆపరేషన్ ఎక్కువ అయ్యే రాష్ట్రాలల్ల రెండు తెలుగు రాష్ట్రాలు ముందు వరుసల ఉన్నయి. ముప్పై, ముప్పై అయిదు ఏండ్లకే తీయించుకున్నోళ్లు మన ఊర్లల్ల ఎంతమందో నీకు తెలుసు. తెల్లబట్ట అయితున్నదని, నెలసరి ఎక్కువైతున్నదని, "పిల్లలు అయిపోయిన్రు గదా, ఇగ అదెందుకు" అని తీసేస్తరు. గర్భసంచితోటి పాటు అండాశయాలు తీసిన్రా, ఉంచిన్రా అని అడిగితే సగం మందికి తెల్వది. వాళ్లకు చెప్పినోళ్లే లేరు. నాకు కోపం వచ్చేది గీన్నే. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగ ఆగిపోతది. నలభై అయిదు దాటినంక మెల్లగ రావాల్సిన మార్పు ముప్పై రెండుకే మీద పడుతది. ఒంట్లకెళ్లి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవుడు, మాట నాలుక మీదికొచ్చి ఆగిపోవుడు. అండాశయాలు ఉంచినా సుత ముట్లుడిగే దశ కొంత ముందుగాలనే రావొచ్చు.

ఇంట్ల బీరువా అడుగున ఆ దవాఖాన డిశ్చార్జ్ కాయితం ఉంటది, తీసి చూడు. అండ్ల ఏమేం తీసిన్రో రాసి ఉంటది. చదువరాకపోతే ఏఎన్ఎంకు గానీ, ఆశ అక్కకు గానీ చూపియ్యి. చిన్న వయసులనే ముట్లు ఆగిపోయినోళ్లకు హార్మోన్ మందులు అవసరం పడుతయి, మెదడుకే కాదు, ఎముకలకు, గుండెకు సుత. అవి అందరికీ పడయి, గైనకాలజిస్టే చెప్పాలె. మామూలుగ నలభై అయిదు, యాభై నడుమ ముట్లు తప్పుతున్న వాళ్లకు మాత్రం ఒక మంచి కబురు. అమెరికాల వేల మంది ఆడోళ్లను ఏండ్ల తరబడి వెంబడించి చూసిన స్వాన్ అనే అధ్యయనం 2009ల చెప్పింది ఏందంటే, ముట్లు ఆగే ముందటి కాలంల కొత్తది నేర్చుకునే తెలివి మందగిస్తది గని, ఆ కాలం దాటినంక మల్ల పుంజుకుంటది. అంటే ఇది దాటిపోయే దశనే.

ఇవన్నిటికీ ఏ కార్పొరేట్ దవాఖానకు పోవాలె అని బుగులు పడకు. 2023 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, ఆరోగ్య మహిళ అనే కార్యక్రమం మన కరీంనగర్‌లనే షురూ అయింది. మంగళవారం మంగళవారం ఆడోళ్లకే ప్రత్యేకంగ, మొదలు రాష్ట్రంల 100 కేంద్రాలల్ల, ఎనిమిది రకాల సేవలు పెట్టిన్రు. రక్తహీనత, షుగర్, బీపీ, థైరాయిడ్, ముట్లుడిగే దశ కష్టాలు, క్యాన్సర్ ముందస్తు పరీక్షలు అన్నీ అండ్ల ఉన్నయి. మీ పీహెచ్‌సీల ఏ రోజు చూస్తున్నరో ఆశ అక్కను అడుగు. లేకుంటే హుజూరాబాద్ ఏరియా ఆసుపత్రికి పో. పోయి "నీరసం ఉన్నది" అనకు. అట్లంటే బలం గోలీలు రాసి పంపుతరు. "మూడు నెలల నుంచి లెక్క తప్పుతున్న, చదివింది గుర్తుంటలేదు, నా పనికి ఇబ్బంది అయితున్నది" అని ఉన్నదున్నట్టు చెప్పు.

కరోనా ముచ్చట సుత మర్సిపోవద్దు. కరోనా తర్వాత మూడు నెలల లోపట కనపడి, రెండు నెలలకు పైన ఉండే అలుపు, ఆయాసం, ఆలోచన మందగించుడును ఒక రోగ పరిస్థితిగ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌ల నిర్వచించింది. అదే నెల 30న మన హుజూరాబాద్ ఉప ఎన్నిక. ఆ మైకుల మోతల ఈ మాట మన చెవికి ఎట్ల పడుతది? ఆ ఏడు జ్వరంతోటి లేచినోళ్లు కొందరు ఇప్పటికీ "అప్పటి నుంచే ఇట్లైన" అంటరు. ఆ మాట డాక్టర్‌కు సుత చెప్పాలె.

ఎండాకాలంల ఇంకో కష్టం. పొలం కాడ చాటు ఉండదని ఆడోళ్లు పొద్దుగాల నుంచి నీళ్లే తాగరు. నలభై నాలుగు డిగ్రీల ఎండల నీళ్లు లేని తల ఏం ఆలోచిస్తది? ఇది మన తప్పు కాదు, చాటు కట్టియ్యనోళ్ల తప్పు. పది మంది కూలికి పోయేటప్పుడు ఒక పాత చీర, నాలుగు కట్టెలు పెట్టియ్యమని రైతును గట్టిగ అడుగున్రి. నిద్ర గురించి నువ్వే నాకు చెప్పగలవు, అందరికంటే ఆఖరున పండి అందరికంటే ముందు లేస్తవు. ఇగ ఏ పని మీదా మనసు పోక, ఏడుపు గొంతు కాడ ఉండి, బతుకు మీద ఇష్టం లేకుండైతే అది ఉత్త మరుపు కాదు. టెలి మానస్‌కు ఫోన్ చెయ్యి, 14416. పైసలు పడయి, తెలుగుల మాట్లాడుతరు.

కొన్నిటికి మాత్రం వారం ఆగొద్దు. ఒక్కసారిగ మూతి వంకర పోయినా, మాట ముద్దగ అయినా, ఒక దిక్కు చెయ్యి కాలు పడిపోయినా వెంటనే 108. ఎప్పుడూ పోయే తోవల తప్పిపోతున్నా, అడిగిందే పది నిమిషాలకోసారి అడుగుతున్నా, దానికి వేరే పరీక్ష చేయించాలె.

పరీక్షల ఫలితాలు వచ్చి, మందు పని చేసే దాకా రోజులు గడవాలె గదా. సంఘం లెక్కలనే తీసుకో. సెకండ్ లీడర్ అయిన చెల్లె ఉన్నది మా వాడల. పొదుపు, బ్యాంకు కిస్తు, స్త్రీనిధి కిస్తు మూడు కాలమ్‌లు. రాత్రి బువ్వలు అయినంక టీవీ ముంగట పుస్తకం తెరుస్తది. నడుమ ఫోన్ మోగుతది, కొడుకు పిలుస్తడు, మల్ల వచ్చి చూస్తే ఎవరిది కలిపిందో ఎవరిది కలపలేదో తెల్వది. యాభై తక్కువొస్తే తన పర్సులకెళ్లి పెడుతది, సిగ్గయి ఎవరికీ చెప్పది. ఇప్పుడు పొద్దుగాల పిల్లలు బడికి పోయినంక కూసుంటున్నది. పక్కింటి ఆమె అంకెలు పైకి చదువుతది, ఈమె రాస్తది. ఫోన్ అవతలి అర్రల ఉంటది. నడుమల లేవాల్సి వస్తే "నాలుగో పేరు దాకా అయింది" అని పెన్సిల్‌తోటి రాసి లేస్తది. ఈ పెన్సిల్ గీతకు వెనక పెద్ద చదువే ఉన్నది. ఒక పని సగంల వదిలి ఇంకోదాని మీదికి పోతే మొదటి పని ముక్క మనసుల మిగిలిపోయి రెండోదాన్ని చెడగొడుతదని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009ల రాసింది. గ్లోరియా మార్క్ అనే ఇంకో ప్రొఫెసర్ లెక్కల, 2004ల మనుషులు ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు ధ్యాస నిలిపేది, ఈ మధ్య ఏండ్లల్ల అది 47 సెకండ్లకు పడిపోయింది. చదువుకున్న ఆఫీసోళ్ల సంగతి అది. మనల్ని మనం తిట్టుకునుడు జర తగ్గిద్దాం.

గోడకున్న క్యాలెండర్ మీద గ్యాస్ తెచ్చిన తారీఖు, పాల లెక్క రాస్తం గదా. అట్లనే గోలీ వేసుకున్నంక సుత ఒక టిక్కు పెట్టు. వేసుకున్ననా లేదా అని ఆలోచించే పని తప్పుతది.

ఇగ ఇంటాయన. "నాకు యాది చెయ్యి, తెస్త" అంటడు. యాది చేసుడు నీ మీదనే ఉంటే ఆ పని నీ నెత్తి మీదికెళ్లి దిగనట్టే. ఒక్కటన్నా పూర్తిగ ఆయనకు అప్పజెప్పు, గుర్తు పెట్టుకునుడుతోటి సహా. గ్యాస్ అనుకో. బుక్ చేసుడు, పైసలు కట్టుడు, సిలిండర్ మార్చుడు అన్నీ ఆయనవే. నువ్వు అడగనే అడగకు. ఒక పూట గ్యాస్ అయిపోయి కట్టెల పొయ్యి ముట్టియ్యాల్సి వస్తే, ఆ పొయ్యి సుత ఆయననే ముట్టియ్యమను.