112: ఆపదలో ఆదుకునే నంబరు
(పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ స్టడీస్)

కర్నూలు మీదుగా శ్రీనగర్–కన్యాకుమారి 44వ నంబరు జాతీయ రహదారి వెళ్తుంది. నంద్యాల, కడప వైపు వెళ్లే 40వ నంబరు రహదారి ఇక్కడే మొదలవుతుంది. ఇలాంటి చోట ప్రమాద స్థలాన్ని వెంటనే గుర్తించగలిగితేనే ప్రాణాలు నిలుస్తాయి. అందుకు ఉపయోగపడేదే 112 అత్యవసర నంబరు.

112 ఎలా పనిచేస్తుంది?
• 112కు ఫోన్ రాగానే కంట్రోల్ రూమ్ సిబ్బంది వివరాలు నమోదు చేస్తారు. ఫోన్ ఉన్న ప్రాంతం మ్యాపులో కనిపిస్తుంది.
• జీపీఎస్ ఆధారంగా దగ్గరలోని పోలీసు వాహనాన్ని అక్కడికి పంపుతారు.
• సీసీ కెమెరాలు ఉన్నచోట ఆ దృశ్యాలు చూసి అదనపు బలగాలు, ట్రాఫిక్ మళ్లింపుపై నిర్ణయం తీసుకుంటారు.

గుర్తుంచుకోవాల్సినవి
• 112 అమలు: కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలో, నిర్భయ నిధితో. సాంకేతిక సహకారం: సీ-డాక్.
• 112ను ప్రారంభించిన తొలి రాష్ట్రం: హిమాచల్ ప్రదేశ్ (2018 నవంబరు).
• సమాచారాన్ని ఒకేచోట పర్యవేక్షించే ఆంధ్రప్రదేశ్ రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం: వెలగపూడి సచివాలయం (2017).
• తెలంగాణ పోలీసు ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్: బంజారాహిల్స్, హైదరాబాద్ (2022 ఆగస్టు 4న ప్రారంభం).
• 2009 అక్టోబరు: తుంగభద్ర వరదలో కర్నూలు నగరం మునిగింది. ముందస్తు హెచ్చరికల అవసరానికి ఇది ముఖ్య ఉదాహరణ.

సూచన: సంవత్సరాలతో పాటు ఏ వ్యవస్థ ఎవరి ఆధ్వర్యంలో నడుస్తుందో కూడా చదవండి. 112 గురించి ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ తప్పక చెప్పండి.