నీతి పలకని నీతికథ: ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’

బాలసాహిత్యానికి నీతిబోధ మన దేశంలో పూర్వం నుంచీ ఉన్న ప్రయోజనమే. పంచతంత్రంలో విష్ణుశర్మ రాజకుమారులకు కథల ద్వారానే నీతిశాస్త్రం నేర్పాడు. ఆ కథలను చిన్నయసూరి 1853లో ‘నీతిచంద్రిక’గా తెలుగు విద్యార్థులకు అందించారు. అటువంటి గ్రంథాలలో నీతి సూక్తిరూపంలో పైకే వినిపిస్తుంది. నీతిని నోట పలకకుండానే బోధించే కథకు ఉత్తమోదాహరణ హిందీలో ప్రేమ్‌చంద్ (1880–1936) రచించిన ‘ఈద్‌గాహ్’. ఇది 1933లో వెలువడింది.

తల్లిదండ్రులు లేని నాలుగైదేళ్ల హామిద్ నాయనమ్మ అమీనా వద్ద పెరుగుతున్నాడు. రంజాన్ పండుగనాడు ఊరి పిల్లలతో కలిసి పట్నంలోని ఈద్‌గాహ్‌కు బయలుదేరుతాడు. మొహసిన్ దగ్గర 15 పైసలుంటే హామిద్ దగ్గర ఉన్నవి 3 పైసలే. నమాజు ముగిశాక తక్కిన పిల్లలు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొంటారు. రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలుతున్న సంగతి హామిద్‌కు గుర్తుకు వస్తుంది. దుకాణదారు 6 పైసలు చెప్పిన పట్టకారును బేరమాడి 3 పైసలకే కొంటాడు.

హామిద్‌ను ప్రేమ్‌చంద్ ఆశలు లేని మునిబాలకునిగా చిత్రించలేదు. అతడు బొమ్మలను తాకాలని చేయి చాస్తాడు. మిఠాయి చూపి వెక్కిరించిన మిత్రులపై అలుగుతాడు. తన పట్టకారు ముందు మట్టిబొమ్మలు నిలువలేవని వాదించి గెలుస్తాడు. కోరిక ఉన్నవాడు దానిని విడిచినప్పుడే త్యాగానికి విలువ. బాలపాఠకుడు హామిద్‌ను నమ్మడానికి కారణం కూడా ఇదే.

అనువాదకునికి ఇక్కడ ఒక చిన్న చిక్కు ఎదురవుతుంది. హిందీలోని ‘చిమ్‌టా’కు పట్టకారు సరిపోతుంది. కాని తెలుగువారి వంటింట్లో పట్టకారు వేడిగిన్నెలు దించే సాధనం. అక్కడ అది పెనం మీది రొట్టెను పట్టేది. ఆ తేడాను పాఠకునికి తెలియజెప్పాలి. కాలిన వేళ్ల బాధకు మాత్రం అనువాదం అక్కరలేదు.

ముగింపులో అమీనా మొదట కోపగిస్తుంది. విషయం తెలియగానే కోపం కన్నీరవుతుంది. బాలుడు వృద్ధుడై, వృద్ధురాలు బాలిక అయినట్లు రచయిత చూపుతారు. ఆ కన్నీటిలో సంతోషమే కాదు, వేదన కూడా ఉంది. పసివాడు పండుగనాడు సైతం పెద్దవాడు కావలసి రావడానికి కారణం పేదరికం. ‘పెద్దలను ప్రేమించవలెను’ అని నల్లబల్లపై వ్రాసి ముగిస్తే ఈ రెండవ పాఠం నశిస్తుంది; అది పెద్దల కొరకు వ్రాయబడినది.

కాబట్టి ఉపాధ్యాయులు ‘హామిద్ పట్టకారు ఎందుకు కొన్నాడు?’ అనే ప్రశ్నతో ఆగకుండా, ‘అమీనా ఎందుకు ఏడ్చింది?’ అని కూడా అడగడం మేలు.