పుట్టింటి పొలం మీద సంతకం

చెల్లెళ్లూ, మన దమ్మపేట వైపు పామాయిల్ తోటలున్న ఇళ్లలో నాన్న పోయి పెద్దకర్మ అయిందో లేదో, ఒక కాగితం బయటికొస్తుంది. "ఊరికే ఒక సంతకం పెట్టమ్మా" అంటారు. పెళ్లి ఘనంగా చేశారు, ఏటా చీరె సారె పెడుతున్నారు, కాదంటే పుట్టింటి గడప దూరమవుతుందేమోనని మనమూ పెట్టేస్తాం.

ఊరికే అయితే మన సంతకం దేనికి చెప్పండి? దాని వెనక చాలా పెద్ద కథే ఉంది. 1941లో బెనెగళ్ నర్సింగరావు గారి కమిటీ హిందూ వారసత్వ చట్టాలను తిరగరాయడానికి కూర్చుంది. తర్వాత అంబేడ్కర్ ఆ బిల్లును భుజాన వేసుకున్నారు. మన రాజమండ్రి ఆడబిడ్డ దుర్గాబాయి సభలో దానివైపు నిలబడింది. పెద్దపెద్దవాళ్లే అడ్డుపడ్డారు. బిల్లు ముందుకు కదలకపోయేసరికి 1951లో అంబేడ్కర్ మంత్రి పదవే వదిలేశారు. 1956లో చట్టమైతే వచ్చింది గానీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం మగపిల్లలకే ఉండిపోయింది.

ఆ గోడ ముందు పడగొట్టింది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అందరూ 'అన్న' అని పిలిచే ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోనూ ఒక మెలిక: అప్పటికే పెళ్లయిన ఆడపిల్లకు వాటా లేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ మెలికా పోయింది. సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన పంపకాలను మాత్రం ఈ చట్టం కదపదు.

మరి మన పక్కింటి కోయ అక్కకో? ఈ చట్టం గిరిజనులకు వర్తించదని 1956 నుంచీ అందులోనే రాసి ఉంది. ఏజెన్సీ భూముల 1/70 చట్టం వాళ్ల భూమిని బయటివాళ్ల చేతికి పోకుండా కాస్తుంది. ఇంట్లో కూతురి వాటా సంగతికొస్తే ఆచారం మాటే చెల్లుతోంది. ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో ఆడవాళ్లకూ సమాన వాటా ఇవ్వాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే, ఒక్కొక్కరూ కోర్టు మెట్లెక్కే అవసరం లేకుండా ఆ మాట చట్టంలోనే రాయాలి.

సరే, మీ దగ్గరికి కాగితం వస్తే అది పంపకమా, హక్కు విడుదల పత్రమా అని అడగండి. మీ వాటా ఎన్ని ఎకరాలో లెక్క కట్టించుకోండి. అన్నదమ్ములకు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కాదనను. ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వండి.