కెమిస్ట్రీని అమీర్‌పేటలో వదిలేయకండి

డిగ్రీలో మూడేళ్లు కెమిస్ట్రీ చదివి, పట్టా చేతికి రాగానే అమీర్‌పేట బస్సెక్కేవాళ్లు ఎందరో. మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో జావానో పైథానో డేటా సైన్సో ఎంచుకుంటారు, హాస్టల్లో చేరతారు. ఆ వారం నుంచే టైట్రేషన్లూ స్పెక్ట్రోస్కోపీ మరచిపోవాల్సిన సంగతులైపోతాయి. నాకిది చాలా బాధగా ఉంటుంది. పైథాన్ నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ కెమిస్ట్రీని పారేసుకోకండి. ఆ రెండూ కలిసి ఉన్నవాళ్ల కోసం ఎదురుచూసే రంగం ఒకటుంది: వాయు కాలుష్యం, వాతావరణ రసాయనశాస్త్రం.

ఈ రంగంలో జరిగే పనికి మంచి ఉదాహరణ పక్కనే పంజాగుట్టలో ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం నేపథ్యంలో 2005లో హైదరాబాద్ గాలిలోని ధూళికణాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చే అధ్యయనం మొదలైంది. పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణ, ఈ మూడు చోట్లా మూడు రుతువుల్లో 180 నమూనాలు తీశారు. శరత్ గుత్తికుండ, అమెరికాలోని డెజర్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన అలన్ గెర్ట్‌లర్, మరికొందరు కలిసి 2013లో ఆ ఫలితాలను పరిశోధన పత్రంగా ప్రచురించారు. పది మైక్రాన్ల లోపు కణాలైన పీఎం10లో 60 శాతానికి పైగా వాహనాల పొగ, రోడ్డు దుమ్మే. ఊపిరితిత్తుల లోతుకు పోయే మరీ సన్నని కణాలైన పీఎం2.5 దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. వాహనాల పొగతో పాటు పరిశ్రమల్లో కాల్చే బొగ్గు, చెత్త మంటలు, గాలిలోనే రసాయన చర్యలతో పుట్టే కణాలు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నగరానికి కార్యాచరణ ప్రణాళిక రాసుకున్నది ఈ ఫలితాల ఆధారంగానే.

ఏ కణం ఎక్కడిదో ఎలా చెప్పగలిగారు? మీరు చదివిన చదువు అక్కరకొచ్చేది ఇక్కడే. ఇలాంటి పనుల్లో వాడే ఒక రకం చిన్న పంపు నిమిషానికి 5 లీటర్ల గాలిని వడపోత కాగితం గుండా లాగుతుంది. రోజంతా నడిస్తే 7.2 ఘనపు మీటర్లు. గాలిలో ధూళి ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు ఉందనుకుంటే, కాగితం మీద చేరేది 0.72 మిల్లీగ్రాములు. మిల్లీగ్రాము కూడా కాదు! కాగితం గదిలోని తేమ పీల్చినా ఆ లెక్క తప్పుతుంది. అందుకే తూచే ముందు ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ ఉన్న గదిలో గంటల తరబడి ఉంచుతారు. నమూనా తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి తూస్తారు. తర్వాత అందులోని మూలకాలు, అయాన్లు, కర్బనం కొలుస్తారు. సిలికాన్, అల్యూమినియం ఎక్కువుంటే మట్టి దుమ్ము. పొటాషియం కనిపిస్తే కట్టెలో ఆకులో కాలిన గుర్తు. డీజిల్ పొగలో నల్ల కర్బనం ఎక్కువ. ఒక్కో మూలానికి ఇలా ఒక్కో రసాయన వేలిముద్ర ఉంటుంది. వాటన్నిటినీ సమీకరణాలుగా రాసి, కంప్యూటర్‌లో సాధించి, ఎవరి వాటా ఎంతో తేలుస్తారు. దీన్నే కెమికల్ మాస్ బ్యాలెన్స్ అంటారు. తూకం దగ్గర కెమిస్ట్రీ విద్యార్థి, సమీకరణాల దగ్గర ప్రోగ్రామర్ కావాలి. ఇద్దరూ ఒక్కరే అయితే ఆ మనిషిని ఏ ల్యాబూ వదులుకోదు.

శరత్ గుత్తికుండ దారి చూడండి. ఖరగ్‌పూర్ ఐఐటీలో కెమికల్ ఇంజినీరింగ్, అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ఆపై 2007లో అర్బన్ ఎమిషన్స్ అనే సంస్థను ప్రారంభించి, మన నగరాల కాలుష్య లెక్కలను అందరికీ అందుబాటులో పెడుతున్నారు. ఐఐటీ వరకూ వెళ్లలేదని దిగులుపడేవాళ్లకు పాల్ క్రుట్జెన్ సంగతి చెప్పాలి. ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివి వంతెనల పని చేశారు. తర్వాత స్టాక్‌హోమ్‌లోని వాతావరణ శాస్త్ర విభాగం ప్రోగ్రామర్ కావాలని పేపర్లో ప్రకటన ఇస్తే, ప్రోగ్రామింగ్ అనుభవం ఏమీ లేకుండానే దరఖాస్తు పెట్టి 1959లో చేరారు. అక్కడే చదువుకుంటూ ఓజోన్ రసాయనశాస్త్రంలో దిగారు. 1995లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్‌లతో కలిసి కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నారు. కోడ్ రాయడానికి వెళ్లి శాస్త్రవేత్త అయ్యారాయన. అమీర్‌పేటలో కోడ్ నేర్చుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు ఇది.

ఇక చదువు సంగతి. ఎంపీసీ డిగ్రీ వాళ్లు సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఓషన్ అండ్ అట్మాస్ఫెరిక్ సైన్సెస్ చూడొచ్చు. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ విభాగం ఉంది. బీజెడ్‌సీ వాళ్లకు పర్యావరణ శాస్త్రం దారి తెరిచే ఉంటుంది. బీటెక్ వాళ్లకైతే గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. పరిశోధనకైతే సీఎస్ఐఆర్ నెట్ రాయాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే, 2023లో పెంచిన ప్రకారం, నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. తిరుపతి దగ్గర గాదంకిలోని వాతావరణ పరిశోధన సంస్థ ఎన్ఏఆర్ఎల్, బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్సీ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఐఐటీఎం ఈ రంగంలో పెద్ద చిరునామాలు. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే బేగంపేట, అక్కడ వాతావరణ కేంద్రం. ఇటు సనత్‌నగర్‌లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం. పరిశ్రమలకు పర్యావరణ నివేదికలు తయారుచేసే ప్రైవేటు కన్సల్టెన్సీలు, ల్యాబులు కూడా ఎమ్మెస్సీ వాళ్లను తీసుకుంటాయి.

కష్టాలు దాచను. మండలి పోస్టులకు నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. కన్సల్టెన్సీల్లో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోటీపడదు. పీహెచ్‌డీ అంటే ఐదేళ్ల ఓపిక. ఇంటి మీద అప్పుండి ఆర్నెల్లలో జీతం రావాల్సిన వాళ్లు ముందు ఉద్యోగం చూసుకోవడమే సరైనది, అందులో చిన్నతనం ఏమీ లేదు. కొంత వ్యవధి ఉన్నవాళ్లకే నేను చెబుతున్నది.

అమీర్‌పేట కోర్సులో మీకు ప్రాజెక్టు ఇస్తారు కదా. అందరూ చేసే అమ్మకాల డేటా వదిలేసి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్ నుంచి సనత్‌నగర్ స్టేషన్ గంటల వారీ లెక్కలు ఉచితంగా దింపుకోండి. నైట్రిక్ ఆక్సైడ్, ఓజోన్ రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో గీయండి. మామూలుగా ఉదయం ట్రాఫిక్ వేళ మొదటిది పైకి లేస్తే రెండోది పడిపోతుంది. కారణం, బండి పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిసి నైట్రోజన్ డైఆక్సైడ్ అవుతుంది. ఎండ ముదిరాక అదే నైట్రోజన్ డైఆక్సైడ్ కాంతికి విడిపోయి మళ్లీ ఓజోన్ పుట్టడానికి దారి తీస్తుంది. ఒక్క స్టేషన్ చూసి ఆగకండి, సెంట్రల్ యూనివర్సిటీ స్టేషన్‌తో పోల్చండి. మిషన్ చెడిపోయిన రోజుల ఖాళీలు, నమ్మశక్యం కాని అంకెలు తగులుతాయి. వాటిని ఎలా ఏరారో, ఎందుకు ఏరారో రాసి పెట్టుకోండి. డేటా శుభ్రం చేయడమే ఈ రంగంలో సగం పని.

మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు విద్యార్థులు దరఖాస్తు చేయొచ్చు. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. దరఖాస్తులు వేసవికి కొన్ని నెలల ముందే అడుగుతారు కాబట్టి దసరా దాటినప్పటి నుంచీ ప్రకటన కోసం కన్నేసి ఉంచండి. ఏం చేయాలనుకుంటున్నారో అందులో రాయమంటారు. ఆ సనత్‌నగర్ గ్రాఫ్ గురించి రాయండి.