పిల్లల మాట పూర్తి కానివ్వండి

ఇంటర్ రెండేళ్లూ మన పిల్లలకు నాలుగు ఆప్షన్లలో సరైనదాన్ని చటుక్కున పట్టుకోవడమే చదువు. ఎంసెట్‌లో, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌లో, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఇంకొకరికి వేరే జవాబు ఎందుకు సరైనదిగా తోచిందో ఆలోచించే తీరికెక్కడిది? ఆ పిల్లలే బీటెక్‌లోనో డిగ్రీలోనో చేరి, హాస్టల్లో వేరే కులం, వేరే జిల్లా, వేరే రాజకీయం ఉన్నవాళ్లతో రిజర్వేషన్ల గురించో మతం గురించో మాట్లాడాల్సి వచ్చేసరికి గొంతు పెంచుతారు, లేదా మూగబోతారు. తప్పు వాళ్లది కాదు. తమతో ఏకీభవించనివాళ్ల మాట విని జవాబిచ్చే సాధన వాళ్లకు ఎక్కడా జరగలేదు.

దానికి ఇల్లే అనువైన చోటు. సెలవులకు వచ్చిన అమ్మాయి పెళ్లి గురించి మీకు నచ్చని మాట అందనుకోండి. "నిన్నగాక మొన్న పుట్టావు, నీకేం తెలుసు?" అని నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. "ఎందుకలా అనిపించిందమ్మా?" అని అడిగి, చెప్పడం పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత "నువ్వనేది ఇదేనా?" అంటూ ఆమె మాటను మీ నోట చెప్పి చూడండి. "అవును, అదే" అన్నాకే మీ అభ్యంతరం చెప్పండి. మన శాస్త్రగ్రంథాల్లో పండితులు కూడా ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదన, పెట్టి, ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవారు. అవమానించే మాట దొర్లితే అక్కడే ఆపండి. అభిప్రాయాన్ని మాత్రం చెప్పనివ్వండి.

పిల్లలకు చెప్పదగ్గ ఉదంతం ఒకటుంది. 1934 బీహార్ భూకంపం అంటరానితనమనే పాపానికి శిక్ష అని గాంధీజీ అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని గట్టిగా ఖండించారు. గాంధీజీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేసి, తన జవాబూ రాశారు. గాంధీజీ తన నమ్మకం వదులుకోలేదు. ఠాగూర్‌తో స్నేహమూ చెడలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. పిల్లలు చెప్పిన కారణం సబబుగా ఉంటే మీ నిర్ణయం మార్చుకోండి. ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరు వెళ్లడం కావచ్చు, ఎంచుకునే సబ్జెక్టు కావచ్చు. "నువ్వు చెప్పినదాంట్లో న్యాయముంది" అని పైకి అనండి. నాన్న తన మాట వెనక్కి తీసుకోవడం చూసిన అబ్బాయికి, రేపు స్నేహితుల ముందు ఆ పని చేయడం నామోషీ అనిపించదు. భార్యాభర్తలు ఒకరి మాటను ఒకరు ఎలా కాదంటున్నారో కూడా పిల్లలు గమనిస్తూనే ఉంటారు.

ఈసారి పండక్కి వాళ్లు ఇంటికొచ్చినప్పుడు మార్కులు, ప్లేస్‌మెంట్ల ప్రశ్నలు కాసేపు పక్కన పెట్టి, లోకం గురించి ఏమనుకుంటున్నారో అడగండి.